నలభై తరువాత ఎంత?

50, 45, 40... తరువాతి సంఖ్య ఏది?

ఈ ప్రశ్న మీ సండేస్కూలు బిడ్డలను అడిగి చూడండి. ప్రశ్న పూర్తి కాకముందే పది గొంతులు ఒక్కసారిగా "ముప్పై ఐదు" అని అరుస్తాయి. పెద్దలను అడిగినా అదే జవాబు. మెట్టుకు ఐదు చొప్పున తగ్గుతున్నప్పుడు ఇంకేమి చెబుతారు? అప్పుడు ఆదికాండము 18వ అధ్యాయము తీయించి 24వ వచనము నుండి 32వ వచనము వరకు చదివించండి. సొదొమ పట్టణము కొరకు అబ్రాహాము దేవుని ఎదుట నిలిచి బ్రతిమాలుకున్న సందర్భమది. యాభైమంది నీతిమంతులు ఉంటే ఏమి చేస్తావని మొదలుపెట్టాడు. తరువాత నలభై ఐదు, ఆ తరువాత నలభై. అక్కడి నుండి ముప్పై ఐదుకు రాలేదు, ఏకంగా ముప్పైకి దిగాడు. తరువాత ఇరవై, తరువాత పది. రెండుసార్లు ఐదేసి తగ్గించినవాడు మూడవసారి నుండి పదేసి తగ్గించాడు.

ఎందుకు? వాక్యము కారణము చెప్పలేదు. మొదట భయపడుతూ అడిగాడు, ప్రభువు కాదనడము లేదని చూచి ధైర్యము తెచ్చుకున్నాడని మాకు తోస్తుంది. సంతలో బేరమాడే తల్లులకు ఈ వరుస మాకంటె బాగా తెలుస్తుంది. ఇక పది దగ్గర ఎందుకు ఆగాడని ఒక బిడ్డ అడిగితే ఇంకొక బిడ్డ జవాబు చెప్పింది: "ఇంకో పది తీసేస్తే సున్న గదండీ, సున్నమంది కోసం ఏమని అడుగుతాడు?" ఆ మాట మేము ఏ వ్యాఖ్యానములోనూ చదవలేదు.

ఇలా కొన్ని సంఖ్యలు వరుసగా చెప్పి, వాటి వెనుక దాగి ఉన్న సూత్రమేదో కనిపెట్టి, తరువాతి సంఖ్య చెప్పమనే ఆట మన ఇళ్ళలో ఆడుకోదగినది. దీనికి పైసా ఖర్చు లేదు. పలక ఉంటే చాలు, అది లేకపోతే అరుగు మీద బొగ్గుముక్కతో రాసుకోవచ్చు. కుటుంబ ప్రార్థన ముగిసి, అన్నం ఉడికేలోగా ఉన్న పావుగంటలో రెండు మూడు పొడుపులు అయిపోతాయి.

విశ్వాసుల ఇంట్లో ఇటువంటి కాలక్షేపము అవసరమా అని కొందరు పెద్దలు మమ్మును అడిగారు. వారి ప్రశ్న తీసివేయదగినది కాదు. కాని బైబిలులో సంఖ్యాకాండము అని ఒక పుస్తకమే ఉన్నది. ఇశ్రాయేలీయులను గోత్రము గోత్రముగా లెక్కించిన పుస్తకమది. లేవీయకాండము 25వ అధ్యాయములో ఏడేసి సంవత్సరాలు లెక్కపెట్టమని ఆజ్ఞ ఉంది. 7, 14, 21, 28, 35, 42, 49 అని రాసి తరువాత ఏమిటని అడిగితే బిడ్డలు 56 అంటారు. దేవుడు మాత్రము అక్కడ వరుసను ఆపి, ఏబదియవ సంవత్సరాన్ని ప్రత్యేకించాడు. అది సునాదసంవత్సరము. అమ్ముకున్న భూమి తిరిగి సొంతదారుని చేతికి వచ్చే సంవత్సరము. ఆ 50 విలువ తెలియాలంటే ముందు 49 వరకు లెక్కపెట్టడము రావాలి.

ఇంకొక సంగతి. మన పల్లె బిడ్డల్లో లెక్కలంటే హడలిపోయేవారు ఎక్కువ. బడిలో లెక్క తప్పితే దెబ్బ పడుతుంది, పదిమందిలో నవ్వులపాలౌతారు. ఆటలో తప్పితే ఏమీ కాదు, మళ్ళీ ఆలోచించుకోవచ్చు.

తేడా కింద రాయండి

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్క ఉపాయము నేర్చుకుంటే సగము పొడుపులు విడిపోతాయి. రెండు సంఖ్యల మధ్య తేడా ఎంతో వాటి కింద రాసుకోవాలి. 3, 7, 11, 15 అన్నప్పుడు తేడా ప్రతిసారి 4. కాబట్టి తరువాతిది 19. 2, 5, 10, 17, 26 అన్నప్పుడు తేడాలు 3, 5, 7, 9. తేడా సమానంగా లేదు, కాని తేడాల్లోనే ఒక వరుస కనబడుతున్నది. తరువాతి తేడా 11 కావాలి, కాబట్టి జవాబు 37. తేడాల్లో కూడ ఏమీ తోచకపోతే వాటి తేడాలు ఇంకొక వరుసగా కింద రాసి చూడాలి.

కాగితము మీద అర్థము కానిది చింతగింజలతో అర్థమౌతుంది. ఒక గింజ పెట్టండి. దాని కింద రెండు, వాటి కింద మూడు, వాటి కింద నాలుగు. ప్రతి వరుస తరువాత మొత్తము లెక్కపెడితే 1, 3, 6, 10, 15, 21 వస్తాయి. ఇవి ముక్కోణపు సంఖ్యలు. చతురస్రముగా పేరిస్తే 1, 4, 9, 16, 25. ఒక చతురస్రము నుండి తరువాతి దానికి పోవాలంటే రెండు పక్కల గింజలు చేర్చాలి: మొదట 3, తరువాత 5, తరువాత 7. అందుకే బేసి సంఖ్యలను ఒకటి నుండి వరుసగా కూడుతూ పోతే వర్గాలే వస్తాయి. బడిలో దీనిని సూత్రముగా బట్టీపట్టిన బిడ్డ గింజలతో ఒకసారి పేర్చుకుంటే ఇక మరచిపోడు.

ముక్కోణపు గింజలను పదిహేడవ వరుస వరకు పేర్చితే మొత్తము 153 అవుతుంది. 153 అనగానే యోహాను సువార్త 21వ అధ్యాయము గుర్తుకు రావాలి. రాత్రంతా ఏమీ దొరకని శిష్యులు ప్రభువు మాట మీద వల వేసి లాగిన పెద్ద చేపలు 153. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణములో బిషప్పుగా ఉండిన అగస్టీను ఈ సంగతి పదహారు వందల యేండ్ల క్రితమే గమనించి ప్రసంగములో చెప్పాడు. ఒకటి నుండి పదిహేడు వరకు కూడితే 153 వస్తుందని చూపి, ఆజ్ఞలు పది, ఆత్మకు సంబంధించినవి ఏడు, కలిపి పదిహేడు అని వివరించాడు. కూడిక వరకు అందరూ ఒప్పుకోవలసినదే. ఆ వివరణ మాత్రము అగస్టీనుదే, యోహాను దానిని చెప్పలేదు. చేపలు లెక్కపెట్టడానికి మన సముద్రతీర సంఘాలవారికి వేరే కారణము తెలుసు. పడవ ఒడ్డుకు చేరగానే చేపలు లెక్కించి వాటాలు వేయకపోతే ఎవరూ ఇంటికి పోరు.

ఒకటి నుండి పదిహేడు వరకు ఒక్కొక్కటే కూడనవసరము లేదు. మొదటిదీ చివరిదీ కలిపితే 18. రెండవదీ పదహారవదీ కలిపినా 18. 17ను 18తో గుణించి సగము చేస్తే 153. జర్మనీ దేశపు గౌస్ (1777లో పుట్టాడు) చిన్న బడిపిల్లవాడుగా ఉన్నప్పుడు, ఒకటి నుండి వంద వరకు కూడమని పంతులు చెబితే ఇలాగే క్షణములో 5050 అని పలక మీద రాశాడని చెబుతారు. తరువాత ఆయన గొప్ప గణిత శాస్త్రవేత్త అయ్యాడు.

అక్షరము రాని తల్లి

ఒక ఇంట్లో మేము 1, 7, 19, 37 అని రాసి, తరువాతిది ఏమిటని అడిగాము. పదవ తరగతి చదివే పిల్లవాడు పెన్సిలు నములుతూ కూర్చున్నాడు. వాని నాయనమ్మ గోడకు ఆనుకొని వింటున్నది. ఆమెకు అక్షరము రాదు, బైబిలు ఎవరైనా చదివితే వింటుంది. ఆ సంఖ్యలు పైకి చదివి వినిపించమన్నది. విని వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకొని, "అయ్యగారూ, అది ముగ్గు గదా?" అన్నది.

మాకు మొదట అర్థము కాలేదు. ఆమె లేచి వాకిట్లోకి పోయి సుద్దపిండి తెచ్చి చుక్కలు పెట్టి చూపింది. మూడు చుక్కలు, సందు చుక్క రెండు వరకు: రెండు, మూడు, రెండు, మొత్తము 7. ఐదు చుక్కలు, సందు చుక్క మూడు వరకు: 3, 4, 5, 4, 3, మొత్తము 19. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు పెడితే 37. ఇక తొమ్మిది చుక్కలు, సందు చుక్క ఐదు వరకు పెట్టి, ఒక్కొక్క చుక్కా వేలితో తాకుతూ లెక్కపెట్టింది. 61.

పిల్లవాడు అప్పుడు తేడాలు రాసి చూచుకున్నాడు. 6, 12, 18, 24. ఆరవ ఎక్కము! నడుమ ఉన్న ఒక్క చుక్క చుట్టూ ఆరు వైపుల నుండి చుక్కలు పెరుగుతూ పోతాయి గనుక తేడాలు ఆరవ ఎక్కములో వస్తున్నాయి. "ఇదంతా మాకు ఎవరూ లెక్క అని చెప్పలేదయ్యా, వాకిలి ఎంత వెడల్పు ఉంటే అన్ని చుక్కలు పెట్టేవాళ్ళము" అన్నదామె. ముగ్గు వేయవచ్చునా వేయరాదా అని మన సంఘాల్లో వేరు వేరు అభిప్రాయాలున్నాయి. క్రిస్మస్‌కు మందిరము ముందు నక్షత్రపు ముగ్గు వేసే ఊళ్ళూ ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ మా పని కాదు. చదువు రాదని మనము పక్కన కూర్చోబెట్టే తల్లుల చేతుల్లో ఎంత లెక్క ఉన్నదో చెప్పడానికే ఇదంతా రాశాము. ఆ రోజు నుండి ఆ ఇంట్లో పొడుపు వేస్తే పిల్లవాడు ముందు నాయనమ్మకు చదివి వినిపిస్తున్నాడు.

ప్రోనోటు మీది వరుస

ఇప్పుడు కొంచెము గట్టి పొడుపు. 10,000, 13,600... తరువాత ఎంత?

ఎవరైనా 17,200 అంటారు. 3,600 పెరిగింది, మరి 3,600 పెరుగుతుంది. పదివేల అప్పుకు నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ వేస్తే సంవత్సరానికి 3,600 రూపాయలు. రెండవ సంవత్సరము చివరకు 17,200, మూడవ సంవత్సరము చివరకు 20,800. అప్పు తీసుకున్నవాడు మనసులో వేసుకునే వరుస ఇదే.

కాని సంవత్సరము కాగానే వడ్డీని అసలులో కలిపి ప్రోనోటు తిరగరాస్తే ఆ వరుస వేరు. అప్పుడు వడ్డీ పదివేల మీద కాదు, 13,600 మీద. రెండవ సంవత్సరము చివరకు 18,496. మూడవ సంవత్సరము చివరకు 25,154 రూపాయల 56 పైసలు. మొదటి రెండు సంఖ్యలు రెండు వరుసల్లోనూ ఒకటే. తేడా మూడవ సంఖ్య దగ్గర 1,296 రూపాయలు, నాలుగవ దాని దగ్గర 4,354 రూపాయల చిల్లర. ఒకటి కూడుతూ పోయే వరుస, రెండవది గుణించుకుంటూ పోయే వరుస. మొదట్లో రెండూ ఒకే తీరుగా కనబడడమే దీనిలో ఉన్న ఉరి. నోటు తిరగరాసే రోజున పదవ తరగతి చదివిన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఈ రెండు వరుసలూ కాగితము మీద రాయించండి. అప్పులు తీసుకునేవారిలో ఎక్కువమంది ఆ పని చేయరు. వేలిముద్ర వేసి వచ్చేస్తారు.

గురువు, లఘువు

1, 2, 3, 5, 8, 13, 21. ముందున్న రెండు సంఖ్యలు కలిపితే తరువాతిది. కాబట్టి 34 వస్తుంది. దీనిని ఇటలీ దేశస్థుడు ఫిబొనాచ్చి పేరుతో పిలుస్తారు. ఆయన 1202లో రాసిన పుస్తకములో కుందేళ్ళ సంతానము గురించిన లెక్కగా ఇది వస్తుంది. అంతకు ముందే, 1150 ప్రాంతములో, మన దేశములో హేమచంద్రుడు ఛందస్సు గురించి రాస్తూ ఇదే వరుస చెప్పాడు. ఆయనకంటె ముందు విరహాంకుడు చెప్పాడు.

తెలుగు పద్యానికి గురులఘువులు గుర్తించే బిడ్డకు ఇది సులువు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలు నింపాలంటే ఎన్ని విధాలు? రెండు గురువులు పెట్టవచ్చు. ఒక గురువును మొదటనో నడుమనో చివరనో పెట్టి మిగిలిన చోట్ల రెండు లఘువులు వేయవచ్చు. లేదా నాలుగూ లఘువులే పెట్టవచ్చు. మొత్తము ఐదు విధాలు. మూడు మాత్రలకు మూడు విధాలే, ఐదు మాత్రలకు ఎనిమిది. మీ అమ్మాయిని వేసి చూడమనండి.

పొద్దుతిరుగుడు వేసిన రైతులు ఒక పువ్వు కోసి గింజల వరుసలు లెక్కపెట్టవచ్చు. గింజలు వంపు తిరిగిన వరుసలుగా, కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉంటాయి. చాలా పువ్వుల్లో ఒకవైపు 34, ఇంకొకవైపు 55 ఉంటాయి. పువ్వు పెద్దదైతే ఇంకా పెద్ద సంఖ్యలు. అనాసపండు మీది కండ్లు 8 వరుసలుగా ఒకవైపు, 13 వరుసలుగా ఇంకొకవైపు తిరగడము తరచుగా చూస్తాము. సృష్టికర్త చేతిపనిని పొగడడానికి దూరము పోనక్కరలేదు. కాని ప్రతి పువ్వులోనూ ఇవే ఉంటాయని పందెము మాత్రము కాయకండి, ఎండకు వాడినవి, పురుగు తిన్నవి లెక్క తప్పుతాయి.

పెద్దలు ఓడిపోయే పొడుపులు

1, 11, 21, 1211, 111221... దీనికి కూడికతోనూ గుణకారముతోనూ పని లేదు. పైకి చదవాలి. మొదటి దానిలో ఉన్నది ఒక ఒకటి. కాబట్టి 11. అందులో ఉన్నవి రెండు ఒకట్లు. కాబట్టి 21. అందులో ఒక రెండు, ఒక ఒకటి. కాబట్టి 1211. అందులో ఒక ఒకటి, ఒక రెండు, రెండు ఒకట్లు. కాబట్టి 111221. తరువాతిది 312211. ఆంగ్లేయుడైన గణిత శాస్త్రవేత్త జాన్ కాన్వే దీని మీద చాలా పరిశోధన చేశాడు. పెద్ద పెద్ద లెక్కలు చేసే బ్యాంకు ఉద్యోగులు దీని దగ్గర కూలబడితే మూడవ తరగతి పిల్లలు చెప్పేయడము మేము చూచాము.

ఇంకొకటి: 50, 40, 27, 36, 34. తేడాలు రాస్తే తల తిరుగుతుంది. ఇవి ఆదికాండము మొదలుకొని ద్వితీయోపదేశకాండము వరకు అధ్యాయాల సంఖ్యలు. తరువాతిది యెహోషువ, 24. బైబిలు చేతిలో ఉన్నవారికే దొరికే జవాబిది.

ఇక అన్నిటికంటె మంచిది. కంచము బోర్లించి నేల మీద బొగ్గుతో గుండ్రముగా గీయండి. గీత మీద ఒక చుక్క పెడితే లోపల భాగము ఒకటే. రెండు చుక్కలు పెట్టి కలిపితే 2 భాగాలు. మూడు చుక్కలు పెట్టి ఒకదానితో ఒకటి అన్నిటినీ కలిపితే 4. నాలుగు పెడితే 8. ఐదు పెడితే 16. ఆరు చుక్కలు పెడితే? లోపల మూడు గీతలు ఒకే చోట కలవకుండా చూచుకొని గీయాలి సుమా. 32 అని చెప్పి గీసినవారందరు ముప్పై రెండవ భాగము ఎక్కడ పోయిందని వెదకుతారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 31 మాత్రమే వస్తుంది. ఐదు సంఖ్యల వరకు రెట్టింపు అయినది ఆరవ దానికి కాలేదు. ఈ భాగాలను లెక్కించే సూత్రము రెట్టింపు సూత్రము కాదు, ఐదు వరకు దానితో కలిసి నడిచింది, అంతే. కొన్ని సంఖ్యలు చూచినంత మాత్రాన తరువాతిది ఇదేనని గట్టిగా చెప్పలేము, దాని వెనుక ఉన్న సూత్రము తెలియాలి.

ఇటువంటి వరుసలను పోగుచేయడమే పనిగా పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు. నీల్ స్లోన్ అనే గణిత శాస్త్రవేత్త 1960లలో చదువుకునే రోజుల నుండి కార్డుల మీద రాసుకుంటూ వచ్చి, 1973లో 2,372 వరుసలతో పుస్తకము వేశాడు. ఆ సేకరణ ఇప్పుడు కంప్యూటర్ల మీద మూడున్నర లక్షలు దాటింది.

సూత్రము లేని చోట

ఒక సోదరి ఒకనాటి ఉదయము ఒక నోటు పుస్తకము కొంగులో దాచుకొని మా ఇంటికి తెచ్చింది. అది ఆమె భర్తది. ఎనిమిది నెలలుగా ప్రతి రోజూ వచ్చిన మట్కా అంకెలు అందులో గళ్ళు గీసి రాసి ఉన్నాయి. ఓపెనింగు ఒక గడిలో, క్లోజింగు ఒక గడిలో. వాటిని అడ్డముగా, నిలువుగా, ఏటవాలుగా కలుపుతూ ఎర్ర పెన్నుతో గీతలు. ఆమె చెవి కమ్మలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. "అయ్యగారూ, మీరు లెక్కల పొడుపులు విప్పుతారంట గదా. ఇందులో నిజంగా ఏమన్నా ఉందా?" అని అడిగింది.

మట్కా అంటే హిందీలో కుండ. న్యూయార్క్ నుండి వచ్చే పత్తి ధరల అంకెల మీద బొంబాయిలో పందెము కాయడముతో ఈ జూదము మొదలైంది. 1960లలో ఆ ధరలు రావడము ఆగి, కుండలో చీటీలు వేసి తీయడముగా మారింది. మన పల్లెలకు వచ్చేసరికి కుండ కూడ కనబడదు, అంకె మాత్రమే వస్తుంది.

ఆ సాయంత్రము మేము వారింటికి వెళ్ళాము. ఆయన మొదట ముఖము చాటేశాడు. మేము జూదము గురించి ప్రసంగము చేయలేదు, అది ఆయన అంతకుముందే చాలా విన్నాడు. "తమ్ముడూ, వరుస దొరికిందంటున్నావు, మాకూ చూపించు" అన్నాము. ఆయన ఉత్సాహముగా చూపించాడు. మంగళవారము 4 వస్తే మూడవ రోజున 7 వస్తుందట. తెలివిగలవాడే. ఎనిమిది నెలల అంకెలు అంత ఓపికగా చదివినవాడు బడిలో ఉండి ఉంటే ఏమయ్యేవాడో.

అప్పుడు సున్న నుండి తొమ్మిది వరకు పది చీటీలు రాసి చెంబులో వేశాము. ఒకటి తీసి, రాసుకొని, మళ్ళీ అందులోనే వేసి కలిపి, ఇంకొకటి. ఇలా నలభై అంకెలు రాశాము. ఆ కాగితము ఆయన చేతికిచ్చి, ఇందులో వరుస ఏమైనా ఉందేమో చూడమన్నాము. పావుగంటలో రెండు వరుసలు దొరికాయి! ఎర్ర పెన్నుతో గీశాడు. ఆ వరుసల ప్రకారము తరువాతి ఇరవై అంకెలు ముందుగా చెప్పమని, ఒక్కొక్కటే తీశాము. ఇరవైలో రెండు తగిలాయి. "చూశారా, తగిలాయి" అన్నాడు. ఆయన కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, పక్కనే కూర్చుని ఉన్నది. నోటికి వచ్చిన అంకె చెప్పమ్మా అన్నాము. ఇరవైసార్లు చెప్పింది. మూడు తగిలాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

చెంబులోని చీటీకి నిన్న తానే వచ్చానో, వేరొకటి వచ్చిందో తెలియదు. పదింటిలో ఒకటి, ప్రతిసారీ అంతే. రూపాయి కాసి అంకె తగిలితే తొమ్మిది రూపాయలు ఇస్తామనే ఆట అనుకోండి. వందసార్లు రూపాయి చొప్పున కాసినవానికి సుమారు పదిసార్లు తగులుతుంది, తొంభై రూపాయలు వస్తాయి. పది రూపాయలు ఆట నడిపేవానివి. ఇది నిజాయితీగా నడిపితే వచ్చే లెక్క. పందెములు ఏ అంకె మీద తక్కువ పడ్డాయో చూచుకొని అంకె తీసేవానితో ఆడితే ఈ లెక్క కూడ నిలవదు. మన ఇంటి పొడుపులో సంఖ్యలు వేసినవారు ఒకరున్నారు, వారి మనసులో ఒక సూత్రమున్నది, అడిగితే చెబుతారు. మట్కా పట్టీ వెనుక అటువంటివారు లేరు. అయినా మన కన్ను అక్కడ కూడ వరుసలు చూస్తుంది. వరుసలు వెదకే గుణము దేవుడు మనకిచ్చాడు, అది ఎక్కడ పడితే అక్కడ పనిచేస్తుంది.

తరువాతి రెండు ఆదివారాలు ఆయన మందిరానికి రాలేదు. మూడవ ఆదివారము వచ్చి వెనుక కూర్చున్నాడు. నోటు పుస్తకము పొయ్యిలో పెట్టాడని భార్య చెప్పింది. కమ్మలు ఇంకా విడిపించలేదు.

ఇదే గుణము బైబిలు తెరిచినవారిని కూడ తప్పుదారి పట్టించిన సందర్భాలున్నాయి. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధకుడు దానియేలు గ్రంథములోని సంఖ్యలతో ప్రభువు రాకడను లెక్కగట్టాడు. ఆయన లెక్కలను నమ్మినవారు 1844 అక్టోబరు 22న ఎదురుచూచారు. కొందరు పంటలు కోయకుండ పొలాల్లోనే వదిలేశారు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో ప్రకటించాడు. ఆ దినము మామూలుగా గడిచిపోయింది. మరుసటి సంవత్సరము, తాను తేదీ చెప్పడము పాపమని ఆయనే ఒప్పుకున్నాడు. ఒకటి నుండి ముప్పై ఆరు వరకు కూడితే 666 వస్తుందని బిడ్డలకు చెప్పండి, సంతోషిస్తారు. అది ఒక కూడిక. దాని నుండి ఫలానా మనిషి పేరు, ఫలానా సంవత్సరము తీస్తామని కరపత్రాలు పంచేవారు వస్తే మత్తయి సువార్త 24వ అధ్యాయము 36వ వచనము చూపించి పంపండి.

ఇంట్లో వేసుకోవడానికి

ఆటగా నేర్చుకున్నది పరీక్షలకు కూడ పనికివస్తుంది. కానిస్టేబులు, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లో సంఖ్యా శ్రేణుల ప్రశ్నలు వస్తాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదవ తరగతి చదివే పేద బిడ్డలకు ఎన్.ఎం.ఎం.ఎస్. అనే ఉపకారవేతన పరీక్ష ఉన్నది. అందులో మేధాశక్తిని పరీక్షించే భాగానికి 90 ప్రశ్నలు, వాటిలోనూ ఇవి వస్తాయి. ఎంపికైన బిడ్డకు తొమ్మిదవ తరగతి నుండి ఇంటరు పూర్తయ్యే వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. హెడ్మాస్టరు గారిని అడిగి దరఖాస్తు తేదీ తెలుసుకోండి. తేదీ దాటాక మా దగ్గరకు వస్తే మేము చేయగలిగినది లేదు.

ఆట ఆడేటప్పుడు ఒక్క నియమము పెట్టుకోండి. జవాబు చెప్పినవారు సూత్రము కూడ చెప్పాలి. ఊరికే సంఖ్య చెబితే ఒప్పుకోవద్దు. వేరే సూత్రముతో వేరే జవాబు చెప్పి, అది అన్ని సంఖ్యలకూ సరిపోతే, వేసినవారు దానిని కూడ ఒప్పుకోవాలి. చిన్నబిడ్డలు సొంతంగా పొడుపులు తయారుచేసి పెద్దలకు వేయనివ్వండి. విప్పడముకంటె వేయడములో వారికి సంతోషము ఎక్కువ.

ఆరు పొడుపులు ఇస్తున్నాము. జవాబులు కింద ఉన్నాయి, ముందుగా చూడవద్దు.

ఒకటి: 2, 6, 12, 20, 30, ?
రెండు: 1, 4, 5, 9, 14, 23, ?
మూడు: 100, 50, 52, 26, 28, 14, ?
నాలుగు: 31, 28, 31, 30, ?
ఐదు: 3, 2, 2, 3, 2, 2, 2, 4, 3, ?
ఆరు: 28, 16, 24, 21, 28, ?

జవాబులు: ఒకటవది 42, తేడాలు రెండవ ఎక్కములో పెరుగుతున్నాయి. రెండవది 37, ముందున్న రెండూ కలపాలి. మూడవది 16, ఒకసారి సగము, ఒకసారి రెండు కలపడము. నాలుగవది 31, అది మే నెల. ఐదవ దానికి ఒకటి, రెండు, మూడు అని తెలుగులో రాసి అక్షరాలు లెక్కపెట్టండి, ఎనిమిదికి నాలుగు, తొమ్మిదికి మూడు, పదికి రెండు. ఆరవది 16. కొత్త నిబంధన మొదటి పుట నుండి తిప్పుతూ రండి, అపొస్తలుల కార్యముల తరువాత రోమా పత్రిక.